తీగలేని మౌస్: లినక్స్‌లో లోపాన్వేషణ

యంత్రం మొరాయించినప్పుడు మానవుడు సాధారణంగా మూడు పనులు చేస్తాడు. మొదట దానిని తట్టి చూస్తాడు, తరువాత తిడతాడు, చివరకు కొత్తది కొంటాడు. ఈ మూడింటిలో దేనికీ ఆలోచనతో ప్రమేయం లేదు. కంప్యూటర్ ప్రయోగశాలలో తెరమీది బాణపు గుర్తు హఠాత్తుగా నిలిచిపోయినప్పుడు జరిగేది కూడా ఇదే. మౌస్‌ను బల్లమీద రెండుసార్లు కొట్టి, "ఇది పాడైపోయింది" అని తీర్పు చెప్పి, పక్క యంత్రం ఖాళీ అయ్యేవరకు ఎదురు చూడటం పరిపాటి. విచారణ లేకుండా వెలువడిన ఈ తీర్పు అనేక సందర్భాలలో తప్పు తీర్పు. పాడైనదని మూలకు వేసిన మౌస్‌లో లోపించినది ఒక్కొక్కప్పుడు బ్యాటరీ మాత్రమే. ఒక్కొక్కప్పుడు మౌస్‌లో ఏ లోపమూ ఉండదు.

స్కాలర్‌షిప్ దరఖాస్తుకు గడువు ముగిసే సాయంకాలం ప్రయోగశాలలో కూర్చున్న విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు. ఎవరో వాడి విడిచిన కంప్యూటర్‌ను తక్కువ ధరకు కొనుక్కొని, అందులో ఉచితంగా లభించే లినక్స్‌ను స్థాపించుకొని చదువుకొనే విద్యార్థికి అసలే చిన్న విషయం కాదు. కొత్త మౌస్‌కు పెట్టవలసిన డబ్బు అతని నెల ఖర్చులో నుంచే రావాలి. అంతకంటె పెద్ద నష్టం మరొకటి కలదు. "ఈ యంత్రాలు మనకు అర్థమయ్యేవి కావు" అనే భావం ఒకసారి మనసులో నాటుకొన్నదంటే తొలగడం కష్టం. ఆ భావాన్ని తొలగించడానికి మౌస్ వంటి చిన్న పరికరమే మంచి పాఠ్యవస్తువు.

తోక తెగిన మౌస్

1964లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ భావనను అనుసరించి ఆయన సహచరుడు బిల్ ఇంగ్లిష్ మొదటి మౌస్‌ను నిర్మించాడు. అది రెండు చక్రాలు అమర్చిన చిన్న చెక్క పెట్టె. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో జరిగిన కంప్యూటర్ శాస్త్రజ్ఞుల సమావేశంలో ఎంగెల్‌బార్ట్ దానిని ప్రదర్శించాడు. 1970లో దానికి పేటెంటు లభించింది. పెట్టె నుంచి వెలువడిన తీగ తోకను తలపించేది.

తీగ ఉన్నంతకాలం లోపాన్వేషణ సులభం. తీగ ఎక్కడ నలిగిందో, ప్లగ్ ఎక్కడ వదులైందో కంటితో చూడవచ్చు. నేడు ఆ తోక తెగిపోయింది. తీగ చేసే పనిని రేడియో తరంగాలు చేస్తున్నవి. సౌకర్యం పెరిగిన మాట నిజమే, కాని అనుసంధానం కంటికి కనబడకుండా పోయింది. కనబడని దానిని విచారించాలంటే కళ్ళకు బదులు పద్ధతి కావాలి. ఆ దారిలో కనబడే స్థానాలను గుర్తించి, ఒక్కొక్కచోట నిలిచి సాక్ష్యం సేకరించడమే ఆ పద్ధతి. హకీం నాడి పట్టి చూడకముందు మందు చీటీ వ్రాయడు. లోపాన్వేషణకూ అదే నియమం.

చేతి నుంచి తెర వరకు

వైర్‌లెస్ మౌస్‌ను ఒక అంగుళం జరిపినప్పుడు ఆ కదలిక తెరను చేరడానికి ఐదు మజిలీలు దాటుతుంది. మౌస్ అడుగున ఉన్న చిన్న దీపం బల్ల ఉపరితలంపై వెలుగు ప్రసరిస్తుంది. పక్కనే ఉన్న కాంతి గ్రాహకం ఆ ఉపరితలాన్ని అతి శీఘ్రంగా చిత్రిస్తూ, ఒక చిత్రానికీ మరొక చిత్రానికీ గల భేదాన్ని బట్టి కదలికను లెక్కిస్తుంది. ఇది మొదటి మజిలీ. లెక్కించిన అంకెలను రేడియో తరంగాలుగా పంపడం రెండవది. కంప్యూటర్ వైపున ఉన్న రిసీవర్ ఆ తరంగాలను అందుకొనడం మూడవది. లినక్స్‌కు గుండెకాయ వంటి కెర్నల్‌లోని డ్రైవర్ అనే భాగం ఆ అంకెలను గ్రహించి "ఇంత కుడికి, ఇంత పైకి" అనే సంఘటనలుగా మార్చడం నాలుగవది. ఆ సంఘటనలను డెస్క్‌టాప్ వ్యవస్థ చదివి బాణపు గుర్తును జరపడం ఐదవది.

ఈ ఐదింటిలో ఏ ఒక్కటి తెగినా తెరపై కనిపించే ఫలితం ఒక్కటే: బాణం కదలదు. లక్షణం ఒకటే అయినప్పటికీ కారణాలు అనేకం కావడం వల్లనే ఊహ ఇక్కడ పనికిరాదు.

రెండు జాతులు

విచారణకు ముందు మన చేతిలోని మౌస్ ఏ జాతికి చెందినదో తెలుసుకోవాలి. మొదటి జాతి మౌస్ తన సొంత రిసీవర్‌తో వస్తుంది. వ్రేలి గోరంత ఉన్న ఆ రిసీవర్‌ను యుఎస్‌బి రంధ్రంలో అమర్చాలి. రెండవ జాతి బ్లూటూత్ మౌస్. దానికి వేరే రిసీవర్ ఉండదు, కంప్యూటర్‌లోనే ఉన్న బ్లూటూత్ అడాప్టర్‌తో అది నేరుగా జత కూడుతుంది. పదవ శతాబ్దపు డెన్మార్క్ రాజు హరాల్డ్ బ్లూటూత్ పేరు ఈ పద్ధతికి పెట్టబడింది. కొన్ని మౌస్‌లు రెండు విధాలుగానూ పనిచేస్తాయి, వాటి అడుగున ఆ ఎంపికకు ఒక మీట ఉంటుంది.

రెండు జాతులూ సాధారణంగా 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోని తరంగాలనే వాడుతాయి. మనదేశంలో 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు గల పట్టీని తక్కువ శక్తి గల పరికరాలు లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2005లో కేంద్ర ప్రభుత్వం నియమాలు చేసింది. తరంగాలు ఒకే ప్రాంతంలోనివే అయినా భాషలు వేరు. అందువల్ల సొంత రిసీవర్ గల మౌస్ కోసం బ్లూటూత్ జాబితాలో ఎంతసేపు వెదకినా అది కనబడదు. అది కనబడలేదని మౌస్ చెడినట్లు నిర్ణయించడం తరచుగా జరిగే పొరపాటు.

ఖర్చులేని పరీక్షలు

ఏ ఆదేశమూ టైపు చేయకముందు చేయదగిన పరీక్షలు నాలుగు కలవు. మౌస్ అడుగున ఉన్న స్విచ్ వేసి ఉన్నదా? బ్యాటరీ ధ్రువాలు సరిగా ఉన్నవా, దానిలో బలమున్నదా? కొత్త ఆల్కలైన్ బ్యాటరీ 1.5 వోల్టులు ఇస్తుంది. గోడ గడియారాన్ని నడిపే శక్తి మిగిలిన పాత బ్యాటరీ మౌస్‌ను నడపలేకపోవచ్చు. కనుక గడియారంలో పనిచేసినదనే సాక్ష్యం ఇక్కడ చెల్లదు. మూడవది, మౌస్ దేనిపై ఉన్నది? గాజు బల్ల, అద్దంవంటి నున్నని తలం అనేక మౌస్‌ల కాంతి గ్రాహకాన్ని మోసగిస్తుంది. ఒక తెల్ల కాగితం పరచి చూడటం చాలు. నాలుగవది మార్పిడి పరీక్ష. రిసీవర్‌తో సహా మౌస్‌ను మరొక కంప్యూటర్‌కు మార్చాలి. అక్కడ పనిచేస్తే లోపం మొదటి కంప్యూటర్ వైపున ఉన్నది. అక్కడ కూడా పనిచేయకపోతే మౌస్‌నో రిసీవర్‌నో అనుమానించాలి.

ఈ పరీక్షలన్నిటిలోనూ పాటించవలసిన నియమం ఒకటే. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేయాలి. బ్యాటరీ మార్చి, రంధ్రం మార్చి, కంప్యూటర్‌ను తిరిగి ప్రారంభించి, ఆ తరువాత మౌస్ కదిలినందుకు సంతోషించే వానికి మౌస్ దక్కుతుంది కాని జ్ఞానం దక్కదు. ఏ మార్పు వల్ల బాగైనదో అతనికి తెలియదు. మరల చెడినప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టవలసిందే.

మౌస్ లేకుండా ఆదేశాలివ్వడం

మౌస్ లేనంతమాత్రాన కంప్యూటర్ మూగపోదు. ఉబుంటు వంటి లినక్స్ వ్యవస్థలలో కంట్రోల్, ఆల్ట్, టి మీటలను ఒకేసారి నొక్కితే ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరచుకొంటుంది. కిటికీలు మార్చడానికి ఆల్ట్, ట్యాబ్ మీటలు, ఫారంలో ఒక గడి నుంచి మరొక గడికి పోవడానికి ట్యాబ్ మీట చాలును. గడువు తరుముతున్న దరఖాస్తును చాలావరకు కీబోర్డుతోనే పూర్తిచేయవచ్చు.

ఇక్కడ ఆదేశాల పేర్లు తెలుగు లిపిలో ఇవ్వబడినవి. టైపు చేసేటప్పుడు వాటికి సరిపోయే చిన్న ఇంగ్లీషు అక్షరాలను వాడాలి. కొన్ని ఆదేశాలకు నిర్వాహక అధికారం అవసరం. అట్టి ఆదేశానికి ముందు ఎస్, యు, డి, ఓ అనే నాలుగు అక్షరాలను, అనగా "సుడో" అనే మాటను చేర్చాలి. కళాశాల యంత్రాలపై ఆ అధికారం ప్రయోగశాల బాధ్యులదే కనుక వారి సమక్షంలోనే ఆ పని చేయవలసి ఉంటుంది.

మొదటి సాక్షి: రిసీవర్

ఎల్, ఎస్, యు, ఎస్, బి అనే ఐదక్షరాల ఆదేశం యుఎస్‌బి ద్వారా కంప్యూటర్‌కు తగిలించిన పరికరాల జాబితాను చూపుతుంది. రిసీవర్‌ను తీసివేసి ఒకసారి, అమర్చి మరొకసారి ఈ ఆదేశమిచ్చి, రెండు జాబితాలను పోల్చాలి. రెండవ జాబితాలో అదనంగా వచ్చిన వరుసే మన రిసీవర్. ప్రతి వరుసలోనూ నాలుగేసి అక్షరాంకాల జంట ఒకటి ఉంటుంది. అందులో మొదటిది తయారీదారు గుర్తు, రెండవది వస్తువు గుర్తు. ఉదాహరణకు 046డి అనేది లాజిటెక్ సంస్థ గుర్తు. ఆ సంస్థ యూనిఫైయింగ్ రిసీవర్లలో సాధారణంగా కనిపించే వస్తువు గుర్తు సి52బి.

రిసీవర్ అమర్చినా అదనపు వరుస రాకపోతే లోపం ఆ రంధ్రంలోనో, మధ్యలో వాడిన హబ్‌లోనో, రిసీవర్‌లోనో ఉన్నది. కెర్నల్ దినచర్యను చూపే డి, ఎం, ఇ, ఎస్, జి అనే ఆదేశం ఇంకొంత చెబుతుంది. సుడో చేర్చి, చివర ఖాళీ విడిచి, అడ్డగీత, డబ్ల్యు టైపు చేస్తే ఆ దినచర్య మన కళ్ళెదుటే పెరుగుతూ పోతుంది. అప్పుడు రిసీవర్‌ను తీసి మరల అమర్చాలి. ఆరోగ్యంగా ఉన్న రిసీవర్ అయితే కొత్త యుఎస్‌బి పరికరం వచ్చినదనీ, దాని గుర్తులు ఇవియనీ, అది ఇన్‌పుట్ పరికరంగా నమోదైనదనీ వరుసగా సందేశాలు వస్తాయి. పరికర వివరణను చదవలేకపోయినట్లు చెబుతూ మైనస్ 71, మైనస్ 110 వంటి దోష సంఖ్యలు కనిపిస్తే రిసీవర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య మాట కుదరలేదని అర్థం. రంధ్రం మార్చి చూడాలి. ఏ రంధ్రంలో పెట్టినా అంతే అయితే రిసీవర్‌నే అనుమానించాలి.

రెండవ సాక్షి: సంఘటనలు

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని విద్యార్థులు తప్పక గ్రహించాలి. జాబితాలో రిసీవర్ కనబడినంత మాత్రాన మౌస్ కలిసినట్లు కాదు. మౌస్‌లో బ్యాటరీయే లేకపోయినా రిసీవర్ జాబితాలో కనిపిస్తుంది, ఎందుకనగా దానికి శక్తినిచ్చేది కంప్యూటర్. తలుపు దగ్గర కాపలావాడు ఉన్నాడనడానికి అది సాక్ష్యమే కాని, అతిథి వచ్చినాడనడానికి కాదు.

అతిథి వచ్చినాడా అని తెలుసుకొనడానికి "లిబ్‌ఇన్‌పుట్ డీబగ్-ఈవెంట్స్" అనే ఆదేశం ఉన్నది. సుడో చేర్చి దీనిని ఇచ్చి మౌస్‌ను కదపాలి. డెబియన్, ఉబుంటు వ్యవస్థలలో దీనికి లిబ్‌ఇన్‌పుట్-టూల్స్ అనే ప్యాకేజీని స్థాపించుకోవాలి. కదిపిన ప్రతిసారీ "పాయింటర్ మోషన్" అనే వరుసలు, మీట నొక్కినప్పుడు "పాయింటర్ బటన్" అనే వరుసలు వెలువడితే మొదటి నాలుగు మజిలీలూ క్షేమమే. అయినప్పటికీ బాణం కదలకపోతే లోపం డెస్క్‌టాప్‌లో ఉన్నది. ఒకసారి లాగౌట్ అయి తిరిగి రావడం, లేక మరొక వినియోగదారు పేరుతో ప్రవేశించి చూడటం తరువాతి మెట్టు.

రిసీవర్ ఉన్నది, సంఘటనలు లేవు అన్నప్పుడు విచారణ రేడియో మార్గానికీ మౌస్‌కూ పరిమితమవుతుంది. ఈ విధంగా రెండు ప్రశ్నలతో ఐదు మజిలీల దారి మూడు ముక్కలై, అనుమానించవలసిన ముక్క ఒక్కటే మిగులుతుంది. పట్టణంలో ఒక వీధికి నీరు రానప్పుడు నడిమి కవాటం దగ్గర పరీక్షించి, లోపం పైనా, కిందా అని తేల్చే పద్ధతియే ఇది.

ప్రయోగశాలలలో మాత్రమే ఎదురయ్యే ఒక ప్రత్యేక లోపం ఈ ముక్కలోనిదే. ఒకే రకం మౌస్‌లు పది ఉన్నవనుకొందాం. శుభ్రపరచేటప్పుడు అన్నిటినీ ఒకచోట పోసి, తిరిగి పంచేటప్పుడు రెండు మౌస్‌లు తారుమారైనవి. చూడటానికి రిసీవర్లన్నీ ఒకే విధంగా ఉన్నా, ప్రతి మౌస్ తయారీ సమయంలోనే తన రిసీవర్‌తో జతపరచబడి ఉంటుంది. ఫలితంగా నాలుగవ బల్లపై మౌస్ కదిపితే ఏడవ బల్లపై బాణం కదులుతుంది. రెండు మౌస్‌లూ ఆరోగ్యమే, రెండు రిసీవర్లూ ఆరోగ్యమే, కాని రెండూ "పాడైనవి". మౌస్‌కూ దాని రిసీవర్‌కూ ఒకే అంకె వేసిన చిన్న చీటీ అంటించడమే దీనికి నివారణ. లాజిటెక్ యూనిఫైయింగ్ రకం రిసీవర్ అయితే ఒక్కదానికే ఆరు పరికరాల వరకు జతచేయవచ్చు. స్వచ్ఛంద కార్యకర్తలు రూపొందించిన సోలార్ అనే ప్రోగ్రాం లినక్స్‌లో ఆ పని చేస్తుంది. అనేక నమూనాల బ్యాటరీ మట్టాన్ని కూడా అది చూపుతుంది.

బ్లూటూత్ మౌస్ విషయం

బ్లూటూత్ మౌస్‌కు విచారణ క్రమం కొంత వేరు. మొదట అడాప్టర్ మేల్కొని ఉన్నదా అని చూడాలి. ఆర్, ఎఫ్, కె, ఐ, ఎల్, ఎల్ అనే ఆదేశం పక్కన "లిస్ట్" అని వ్రాస్తే రేడియో పరికరాలకు ఏవైనా నిరోధాలున్నవేమో తెలుస్తుంది. "సాఫ్ట్ బ్లాక్డ్" ఎదుట "ఎస్" అని ఉంటే అది ప్రోగ్రాం విధించిన నిరోధం. అదే ఆదేశం పక్కన "అన్‌బ్లాక్ బ్లూటూత్" అని ఇచ్చి తొలగించవచ్చు. "హార్డ్ బ్లాక్డ్" ఎదుట "ఎస్" అని ఉంటే కంప్యూటర్‌పై ఉన్న స్విచ్‌ను గాని విమానం గుర్తు గల మీటను గాని వెదకాలి.

జాబితాలో బ్లూటూత్ ప్రస్తావనయే లేకపోతే కెర్నల్ దినచర్యలో "ఫర్మ్‌వేర్" అనే మాట కోసం చూడాలి. కొన్ని అడాప్టర్లు తమ తయారీదారు ఇచ్చిన ఒక చిన్న ఫైలు లేనిదే ప్రారంభం కావు. ఆ ఫైళ్ళు స్వేచ్ఛా లైసెన్సు గలవి కానందున డెబియన్ సంస్థ వాటిని చాలాకాలం తన అధికారిక స్థాపక డిస్కులో చేర్చలేదు. 2023 జూన్‌లో వెలువడిన డెబియన్ 12 నుంచి చేరుస్తున్నది.

అడాప్టర్ సిద్ధమైన తరువాత "బ్లూటూత్" అనే మాటకు సి, టి, ఎల్ కలిపి టైపు చేస్తే బ్లూటూత్ సంభాషణ మొదలవుతుంది. అందులో "పవర్ ఆన్", తరువాత "స్కాన్ ఆన్" అని ఇవ్వాలి. ఈలోగా మౌస్ అడుగున ఉన్న జత మీటను దీపం త్వరత్వరగా మినుకుమనే వరకు నొక్కి పట్టాలి. మౌస్ పేరు, ఆరు జంటల అక్షరాంకాలతో దాని చిరునామా తెరపై వస్తాయి. ఆ చిరునామాను జోడించి "పెయిర్", "ట్రస్ట్", "కనెక్ట్" అనే మూడు ఆదేశాలను అదే క్రమంలో ఇవ్వాలి. మొదటిది పరిచయం, రెండవది విశ్వాసం, మూడవది కలయిక. మధ్యదానిని విడిచిపెట్టినందువల్లనే కొన్ని మౌస్‌లు ఈనాడు పనిచేసి, మరునాడు కంప్యూటర్ తెరచినప్పుడు తమంతట తాము కలవకుండా పోతాయి.

ఒకే కంప్యూటర్‌లో విండోస్‌నూ లినక్స్‌నూ పక్కపక్కన ఉంచుకొన్నవారికి మరొక చిక్కు ఎదురవుతుంది. జత కూడినప్పుడు మౌస్, కంప్యూటర్ ఒక రహస్యపు తాళంచెవిని పంచుకొంటాయి. విండోస్‌లో మరల జతచేసినప్పుడు కొత్త తాళంచెవి పుడుతుంది. అడాప్టర్ ఒకటే కనుక మౌస్ పాతదానిని మరచిపోతుంది. లినక్స్ మాత్రం తన దగ్గరున్న పాత తాళంచెవితోనే తలుపు తట్టుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. లినక్స్‌లో "రిమూవ్" ఆదేశంతో పాత పరిచయాన్ని తుడిచి, తిరిగి జతచేస్తే మౌస్ పనిచేస్తుంది. కాని అప్పుడు విండోస్‌లో తెగుతుంది. రెండు మూడు కంప్యూటర్లకు విడివిడి స్థానాలున్న మౌస్ అయితే చెరొక స్థానం కేటాయించడం ఉత్తమం.

ఆగి ఆగి నడిచే మౌస్

పూర్తిగా నిలిచిన మౌస్ కంటె ఆగి ఆగి నడిచే మౌస్ ఎక్కువ విసిగిస్తుంది. దీనికి ముఖ్య కారణం తరంగాల రద్దీ. వైఫైలో ఒక భాగం 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే పనిచేస్తుంది. మైక్రోవేవ్ పొయ్యి కూడా సుమారు 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరనే పనిచేస్తుంది. ఈ రద్దీని తట్టుకొనడానికి సంప్రదాయ బ్లూటూత్ 79 ఛానళ్ళ మధ్య సెకనుకు 1,600 సార్లు గంతులు వేస్తూ పోతుంది.

అంతగా తెలియని కారణం ఒకటి మన బల్లపైనే ఉంటుంది. సెకనుకు 500 కోట్ల బిట్లను పంపగల యుఎస్‌బి 3.0 రంధ్రాలు, వాటికి తగిలించిన హార్డ్ డిస్కులు, వాటి తీగలు 2.4 నుంచి 2.5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో రేడియో రొదను వెలువరించగలవని ఇంటెల్ సంస్థ 2012లో ప్రచురించిన పత్రంలో వివరించింది. నీలిరంగు రంధ్రంలో బయటి హార్డ్ డిస్కు, దాని పక్క రంధ్రంలో మౌస్ రిసీవర్ ఉంటే, డిస్కు పనిచేస్తున్నంతసేపు మౌస్ తడబడవచ్చు. రిసీవర్‌ను అవతలి వైపు రంధ్రానికి మార్చడమో, చిన్న యుఎస్‌బి పొడిగింపు తీగతో దూరంగా బల్లపైకి తీసుకురావడమో చేయాలి. పెద్ద కంప్యూటర్ల వెనుక భాగాన, ఇనుప పెట్టె చాటున అమర్చిన రిసీవర్‌కు కూడా ఇదే చికిత్స.

కొన్ని సెకన్లు ముట్టుకోకపోతే నిద్రపోయి, తట్టినప్పుడు ఆలస్యంగా లేచే మౌస్ మరొక రకం. బ్యాటరీ పొదుపుకై మౌస్ తానే కునుకు తీయవచ్చు, లేక లినక్స్ యుఎస్‌బి రంధ్రాన్ని నిద్రపుచ్చి ఉండవచ్చు. పవర్‌టాప్ వంటి ప్రోగ్రాం ద్వారా అన్ని పరికరాలకూ ఒకేసారి పొదుపు విధించినప్పుడు రెండవది జరుగుతుంది. ఆ రిసీవర్‌కు సంబంధించిన పవర్ విభాగంలోని "కంట్రోల్" అనే ఫైలులో "ఆటో" అనే మాట ఉంటే పొదుపు అనుమతించబడినట్లు, "ఆన్" అని ఉంటే రంధ్రం ఎల్లప్పుడూ మేల్కొని ఉన్నట్లు. మరొక కంప్యూటర్‌లో కూడా అదే విధంగా కునికితే అది మౌస్ స్వభావమని గ్రహించాలి.

తెరచిన పుస్తకం, మూసిన పుట

ఈ పరీక్షలు లినక్స్‌లో ఇంత సులభంగా సాగడానికి ఒక చరిత్ర ఉన్నది. ప్రోగ్రాంను చదివే, మార్చే, పంచుకొనే స్వేచ్ఛ వాడేవారికి ఉండాలని 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించాడు. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ తాను వ్రాసిన కెర్నల్‌ను ప్రపంచానికి అందించాడు. లినక్స్‌లో బ్లూటూత్‌ను నడిపే బ్లూజెడ్ 2001లో ఆ కెర్నల్‌లో చేరింది. తెలుగునాట హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ ఇటువంటి వ్యవస్థను తెలుగులో అందించడానికి కృషి చేసింది. డ్రైవర్ ఏమి చేస్తున్నదో దినచర్యలో కనబడటమే గాక, అట్లే ఎందుకు చేస్తున్నదో తెలుసుకొనదలచిన విద్యార్థి దాని మూలాన్ని తెరచి చదువుకోవచ్చు.

అయితే అతిశయోక్తి తగదు. మౌస్‌లోపల, రిసీవర్‌లోపల నడిచే చిన్న ప్రోగ్రాంలు సాధారణంగా తయారీదారు రహస్యాలే. మన పుస్తకంలో ఆ పుటలు మూసి ఉన్నవి. అక్కడ మార్పిడి పరీక్ష ఒక్కటే ఆధారం. ఎక్కడివరకు చూడగలమో, ఎక్కడినుంచి అనుమానించవలసిందో తెలిసి ఉండటం కూడా విజ్ఞానంలో భాగమే.

కళాశాలకు, విద్యార్థులకు

ప్రయోగశాల నిర్వహణ విషయంలో కళాశాల కమిటీ పరిశీలనకు కొన్ని చిన్న సూచనలు మనవి చేయవచ్చు. ప్రతి మౌస్‌కూ రిసీవర్‌కూ జత అంకెలు వేయించాలి. తిరిగి ఛార్జి చేయగల బ్యాటరీలు కొన్ని, పొడిగింపు తీగలు రెండు, తీగ గల మౌస్ ఒకటి అలమరలో సిద్ధంగా ఉంచాలి. అన్నిటికంటె ముఖ్యంగా ఒక లోపాల రిజిస్టరు తెరవాలి. తేదీ, యంత్రపు అంకె, కనబడిన లక్షణం, చేసిన పరీక్ష, దాని ఫలితం, చివరకు తేలిన కారణం అనే ఆరు గడులు దానికి చాలు. ఒక సంవత్సరం నిండేసరికి ఏ యంత్రానికి ఏ జబ్బు తరచుగా వస్తున్నదో ఆ పుటలే చెబుతాయి. అప్పుడు కొత్త మౌస్‌లు కొనవలెనా, బ్యాటరీలు కొనవలెనా అన్న నిర్ణయం సాక్ష్యంపై ఆధారపడుతుంది.

ఆ రిజిస్టరు విద్యార్థులకు పాఠ్యగ్రంథం కూడా కాగలదు. "మౌస్ పనిచేయుట లేదు" అని వ్రాసే విద్యార్థికీ, "రిసీవర్ జాబితాలో ఉన్నది, సంఘటనలు లేవు, కొత్త బ్యాటరీతో కూడా లేవు, ఏడవ యంత్రపు మౌస్‌ను కదిపినప్పుడు వచ్చినవి" అని వ్రాసే విద్యార్థికీ ఎంతో అంతరం ఉన్నది. రెండవ వాక్యం వ్రాయగలవాడు సగం మరమ్మతు చేసినట్లే. మిగిలిన సగాన్ని దూరాన ఉన్న మరొకరు ఆ వాక్యాన్ని చదివియైనా పూర్తిచేయగలరు. చూచినదానిని చూచినట్లు చెప్పడం, చూడనిదానిని చూడలేదని చెప్పడం, సాక్ష్యం దొరికేవరకు తీర్పును ఆపుకొనడం అనే అలవాట్లకు ఖరీదైన ప్రయోగశాల అవసరం లేదు. ఒక మౌస్, ఒక రిసీవర్, కొంత ఓర్పు ఉంటే ఈ విద్యాసంవత్సరంలోనే వాటిని ఆరంభించవచ్చును.